పచ్చ మెసేజ్ చూపించే ముందు ఒక్కసారి తలుపు తట్టి చూడండి

సంక్రాంతికి ముందు వారం కందుకూరు నుంచి మా బాబాయి ఫోన్ చేశాడు. కందుకూరుని 2022లో నెల్లూరు జిల్లాలో కలిపారు గానీ మా ఇంట్లో ఆ తర్వాత కూడా ఎవరన్నా అడిగితే ప్రకాశం జిల్లా అనే వచ్చేది నోటికి. బాబాయికి ఆడ బియ్యం కొట్టు ఉంది, పిన్ని అరిసెలు, చెక్కలు, లడ్డూలు, గోంగూర పచ్చడి చేయించి ఆన్‌లైన్‌లో అమ్ముతది. ఆ సైట్ నేనే పెట్టిచ్చా, వర్డ్‌ప్రెస్ అనే సైట్ సాఫ్ట్‌వేర్ మీద వూకామర్స్ అనే షాపు ప్లగిన్ (సైట్‌కి తగిలించుకునే ప్రోగ్రాం), దానికి ఆర్డర్ వచ్చినప్పుడు కస్టమర్‌కి ఎస్సెమ్మెస్ పోయే ప్లగిన్ కూడా నేను రాసిందే.

"ఏందబ్బయా, మెసేజ్‌లు పోవట్లేదంట, డబ్బులు కట్టించుకుని ఉలుకూ పలుకూ లేదేంది అని మీ పిన్నికి పొద్దున్నుంచి ఒకటే ఫోన్లు" అన్నాడు.

సెట్టింగ్స్‌లో ఏమన్నా మార్చారా బాబాయ్ అంటే, మెసేజ్‌లు పంపిపెట్టే గేట్‌వే కంపెనీ వాళ్ళు పాత కీ (మన సైట్ వాళ్ళకి చూపించే పాస్‌వర్డ్ లాంటిది) ఆపేస్తాం కొత్తది పెట్టుకోండి అని మెయిల్ పెట్టారు, నాలుగు రోజుల కింద పిన్నే పెట్టింది, "పైన పచ్చగా సేవ్ అయింది అని కూడా వచ్చింది అబ్బయా, నేను పక్కనే ఉండా" అన్నాడు. ఆ మాట దగ్గరే నాకు గుండె ఆగింది, ఎందుకంటే ఆ పచ్చ మెసేజ్ రాసింది నేను, అది ఏం చూసి చెప్తదో నాకు తెలుసు. ఏమీ చూడదు. బాక్స్‌లో ఏది వేస్తే అది డేటాబేస్‌లో రాసేసి సేవ్ అయింది అంటది, అంతే. పిన్ని మాత్రం ఆ మాటని పని అయిపోయింది, ఇంక మెసేజ్‌లు పోతాయి అని నమ్మింది. నమ్మక ఏం చేస్తది, ఎవరైనా అట్నే నమ్ముతారు.

ఒంగోలు నుంచే సర్వర్‌లోకి లాగిన్ అయి చూశా. కీ చూడటానికి బ్రహ్మాండంగా ఉంది, మెయిల్‌లో ఉన్నదీ ఇదీ పక్కపక్కన పెట్టుకుని ఒక్కో అక్షరం వేలు పెట్టి చూశా, ఏ తేడా లేదు. 32 అక్షరాలు. అప్పుడు డౌట్ వచ్చి ప్లగిన్ రాసిన భాష పీహెచ్‌పీలో పొడవెన్ని బైట్లో అడిగితే 35 అంది. కంటికి 32, దానికి 35. చివరి మూడు బైట్లు విడగొట్టి చూస్తే ఇ2, 80, 8బి. అంటే జీరో విడ్త్ స్పేస్ అని ఒకటుంటది, అది అక్షరమే కానీ దానికి వెడల్పు ఉండదు, స్క్రీన్ మీద కనపడదు, అక్షరాల్ని బైట్లుగా దాచే యూటీఎఫ్ 8 పద్ధతిలో మూడు బైట్లు తింటది. మెయిల్‌లో కీ వెనక అది అతుక్కుని ఉంది, పిన్ని కాపీ చేసినప్పుడు దాంతో పాటే వచ్చేసింది. పిన్ని తప్పు ఇందులో గోరంత కూడా లేదు, కంటికి కనపడనిదాన్ని ఎవరు మాత్రం తీసేస్తారు.

ముందూ వెనకా ఉన్న ఖాళీలు తీసేసే ట్రిమ్ పెట్టలేదా అంటారేమో, పెట్టా. పీహెచ్‌పీలో ట్రిమ్ మామూలుగా తీసేది ఆరు రకాలే, స్పేస్, ట్యాబ్, రెండు రకాల కొత్త లైన్లు, వర్టికల్ ట్యాబ్, నల్ బైట్. ఈ జీరో విడ్త్ స్పేస్ అందులో లేదు, వెబ్ పేజీల్లో తెగ కనపడే నాన్ బ్రేకింగ్ స్పేస్ కూడా లేదు. జావాస్క్రిప్ట్ ట్రిమ్ నాన్ బ్రేకింగ్ స్పేస్‌ని తీస్తది గానీ జీరో విడ్త్‌ని అదీ వదిలేస్తది. కాబట్టి ట్రిమ్ పెట్టాం కదా అని నిమ్మళంగా ఉండబాకండి, కీలో ఏ అక్షరాలు రావచ్చో మీకు తెలిస్తే అవి తప్ప మిగతావి ఉంటే ఆపెయ్యండి.

ఇంకోటి కూడా ఉంది, ఇది పూర్తిగా నాదే. ఆ గేట్‌వే తప్పు కీ పంపినా హెచ్‌టీటీపీ 200, అంటే అంతా బాగుంది అనే స్టేటస్ కోడ్ ఇస్తది, లోపల జవాబు రాసే జేసన్‌లో మాత్రం ఎర్రర్ అని రాస్తది. నా కోడ్ 200 చూసి పోయింది అనుకుని లాగ్‌లో సక్సెస్ అని రాసుకుంటా పోయింది. నాలుగు రోజులు, పండగ ఆర్డర్లన్నిటికీ సక్సెస్. ఇట్లా చేసే గేట్‌వేలు ఇంకా ఉండాయి, అందుకే స్టేటస్ కోడ్ ఒక్కటే చూసి తీర్పు చెప్పకూడదు, లోపల ఏం రాసిందో చదవాలి. నెట్‌లో దొరికే డాక్యుమెంటేషన్ సరిపోదు, కావాలని ఒక తప్పు కీ పెట్టి వాళ్ళ సర్వర్ ఏం చెప్తదో మన కళ్ళతో మనం చూసుకోవాలి. ఇప్పుడు ఏ సర్వీస్‌కి ప్లగిన్ రాసినా నేను చేసే మొదటి పని ఇదే.

ఆ రాత్రి కీ సరిచేసి, ఆగిపోయిన మెసేజ్‌లన్నీ మళ్ళీ పంపించి, పండగ అయినాక కూర్చుని ఆ సెట్టింగ్స్ పేజీ మొత్తం మళ్ళీ రాశా. అందులో నేర్చుకున్నది రాస్తా ఉన్నా, మన పక్క ప్లగిన్లు రాసే పిల్లలు చాలామంది ఉండారు, పనికొస్తది.

ముందు చేసింది ఏందంటే పొడవు, అక్షరాలు చూడటం. ఇది అవసరమే, చవక కూడా, నెట్ అక్కర్లేదు. ఆన్‌లైన్‌లో డబ్బులు కట్టించుకునే రేజర్‌పే లాంటి వాటిలో అయితే కీ ఐడీ మొదట్లోనే టెస్ట్ అనో లైవ్ అనో రాసి ఉంటది, షాపు లైవ్‌లో ఉండి టెస్ట్ కీ పెడతా ఉంటే సర్వర్‌ని అడక్కుండానే చెప్పెయ్యొచ్చు, అన్నా ఇది టెస్ట్ కీ, దీంతో నిజం డబ్బులు రావు అని. కానీ ఆకారం బాగున్నంత మాత్రాన కీ పనిచేస్తదని కాదు. రద్దయిపోయిన కీ కూడా 32 అక్షరాలే ఉంటది.

కాబట్టి సేవ్ కొట్టగానే నిజంగా ఆ కీ తీసుకుపోయి వాళ్ళ తలుపు తట్టాలి. ఏ తలుపు అనేది కూడా ఆలోచించాలి. నేను మొదట పిచ్చిగా టెస్ట్ ఎస్సెమ్మెస్ ఒకటి పంపిద్దాం అనుకున్నా, దానికి డబ్బులు అవుతాయి, పైగా అది ఫెయిలైతే కీ వల్లో మెసేజ్ నమూనా (టెంప్లేట్) వల్లో తెలీదు. బ్యాలెన్స్ ఎంతుందో అడిగే పిలుపు ఒకటి దాదాపు అందరి దగ్గరా ఉంటది, దాన్ని వాడుకున్నా. ఏదీ మార్చనిది, ఖర్చు లేనిది, కీ తప్పైతే ఖచ్చితంగా కాదని చెప్పేది, అట్లాంటి పిలుపు వెతుక్కోండి. దీనివల్ల ఒక లాభం కూడా వచ్చింది, సేవ్ అయినాక "కీ పనిచేస్తా ఉంది, ఇంకా ఇన్ని మెసేజ్‌లు మిగిలి ఉన్నాయి" అని చూపిస్తా ఉన్నా, పిన్నికి ఆ అంకె చూస్తే ఉన్న ధైర్యం పచ్చ రంగు చూస్తే రాదు.

ఈ తట్టడం అనేది సైట్ ఉన్న సర్వర్ నుంచే జరగాలి, మన బ్రౌజర్ నుంచి కాదు. చాలా గేట్‌వేలు ఫలానా ఐపీ (సర్వర్‌కి ఉండే ఇంటర్నెట్ అడ్రస్) నుంచి వస్తేనే ఒప్పుకుంటాం అని పెట్టుకుంటాయి, హోస్టింగ్ మారిస్తే ఐపీ మారిపోతది, కీ అదే, తలుపు మాత్రం తెరుచుకోదు. మన ల్యాప్‌టాప్‌లో టెస్ట్ చేస్తే పాస్, సైట్‌లో ఫెయిల్, దాని మీద ఒక రోజు పోతది.

ఇప్పుడు అసలు ముఖ్యమైనది. తట్టినాక వచ్చే జవాబు రెండు రకాలు కాదు, మూడు రకాలు. కీ కరెక్టు. కీ తప్పు. తెలీలేదు. ఈ మూడోదాన్ని చాలామంది రెండోదాంట్లో కలిపేస్తారు, నేనూ కలిపా, దాని వల్ల జరిగింది చెప్తా.

పేజీ మళ్ళీ రాసినాక ఈ ప్లగిన్‌ని కావలిలో రొయ్యల మేత అమ్మే ఒక అన్న కూడా పెట్టుకున్నాడు. ఒక రోజు ఆయన సెట్టింగ్స్‌లో మెసేజ్ చివర షాపు ఫోన్ నంబర్ మార్చి సేవ్ కొట్టాడు, కీ జోలికే పోలేదు. సరిగ్గా ఆ టైంలో గేట్‌వే సర్వర్ నెమ్మదిగా ఉంది. వర్డ్‌ప్రెస్‌లో బయటి సర్వర్‌ని పిలిస్తే మామూలుగా 5 సెకన్లు చూసి వదిలేస్తది, వదిలేసింది, నా కోడ్ దాన్ని కీ తప్పు అనుకుని బాక్స్ ఖాళీ చేసేసింది. బంగారంలా పనిచేస్తా ఉన్న కీ పోయింది. ఆ కీ కంపెనీ వాళ్ళు ఒక్కసారే చూపిస్తారు, ఆయన యాడా రాసిపెట్టుకోలేదు, కొత్తది తీసుకోవాల్సొచ్చింది. "నేను ఫోన్ నంబరే కదా తమ్ముడూ మార్చింది" అన్నాడు. ఆయనకి నేను ఏం చెప్పాలి, సారీ అన్నా.

కాబట్టి నా దగ్గర ఇప్పుడు ఇట్లా ఉంటది. స్టేటస్ కోడ్ 401 వస్తే (లేదా 200 వచ్చి లోపల కీ తప్పు అని రాస్తే) కీ తప్పు, అంటే నువ్వెవరో నాకు తెలీదు అని. 403 వస్తే నువ్వెవరో తెలుసు గానీ నీకు పర్మిషన్ లేదు అని, అప్పుడు ఐపీ గురించి, అకౌంట్ యాక్టివ్‌గా ఉందా అని అడగాలి, కీ మార్చుకోమని చెప్పకూడదు. 429 వస్తే మనం ఎక్కువ సార్లు అడిగాం, కాసేపు ఆగాలి. 500 పైన ఏది వచ్చినా, టైం అయిపోయినా, డొమైన్ దొరక్కపోయినా అది కీ గురించి ఏమీ చెప్పలేదు, కాబట్టి మనం కూడా కీ గురించి ఏమీ అనకూడదు. పాత కీ అట్నే ఉంచి, "ఇప్పుడు వాళ్ళ సర్వర్ అందట్లేదు, మీ పాత కీ అట్నే ఉంది, కాసేపాగి మళ్ళీ ట్రై చెయ్యండి" అని పసుపు రంగులో చెప్పాలి. కీ బాక్స్ మారకపోతే అసలు తట్టనే తట్టను ఇప్పుడు.

హోమ్ అసిస్టెంట్ వాళ్ళు దీన్ని చాలా చక్కగా చేశారు, ఇంట్లో లైట్లు, కెమెరాలు కలుపుకునే సాఫ్ట్‌వేర్ అది. కొత్తగా ఇంటిగ్రేషన్ రాసేవాళ్ళకి వాళ్ళిచ్చే నమూనా కోడ్‌లోనే కనెక్ట్ కాలేకపోయాం, లాగిన్ వివరాలు తప్పు, ఇంకేదో తెలీని ఎర్రర్ అని మూడూ వేరువేరుగా ఉంటాయి, పైగా సెటప్ పూర్తి కాకముందే టెస్ట్ చెయ్యాలనేది వాళ్ళ క్వాలిటీ రూల్స్‌లో కింది మెట్టులోనే పెట్టారు. ఆర్నెల్లకి పాస్‌వర్డ్ మారిపోతే ఉన్న సెట్టింగ్స్ పారెయ్యకుండా పాస్‌వర్డ్ ఒక్కటి మళ్ళీ అడుగుతది. నేను అది చూసే నేర్చుకున్నా, సేవ్ చేసిన రోజు కరెక్టుగా ఉన్న కీ రేపు చెడిపోవచ్చు, ఆర్డర్ మెసేజ్ పంపేటప్పుడు 401 వస్తే అప్పుడు కూడా అడ్మిన్‌కి పెద్దగా కనపడేట్టు చెప్పాలి, పదే పదే అదే కీతో కొడతా ఉంటే అకౌంటే లాక్ అయిపోయే చోట్లు కూడా ఉంటాయి.

వర్డ్‌ప్రెస్ వాళ్ళకి ఒక చిన్న మాట. సెట్టింగ్స్ ఏపీఐలో శానిటైజ్ కాల్‌బ్యాక్ అని, సేవ్ అయ్యే ముందు నడిచే ఫంక్షన్ ఒకటి ఇస్తాం కదా, చెకింగ్ అంతా అందులో పెట్టి, తప్పైతే ఎర్రర్ చూపించి పాత విలువే తిరిగి ఇచ్చేస్తే సరిపోతది. అయితే ఆ ఆప్షన్ డేటాబేస్‌లో లేకుండా మొట్టమొదటిసారి సేవ్ అయ్యేటప్పుడు ఆ కాల్‌బ్యాక్ రెండు సార్లు నడుస్తది. తట్టడం రెండు సార్లు అయితే పోనీలే, నేను కీని ఎన్‌క్రిప్ట్ చెయ్యడం (ఎవరూ చదవలేకుండా మార్చడం) కూడా అందులోనే పెట్టా, మొదటిసారి సేవ్ చేసిన వాళ్ళందరికీ రెండు పొరలు ఎన్‌క్రిప్ట్ అయి కూర్చుంది, రెండోసారి అదే కీ వేసి సేవ్ చేస్తే మాత్రం పనిచేస్తది. నా కంప్యూటర్‌లో ఆప్షన్ ఎప్పుడో ఉంది కాబట్టి నాకు ఎప్పుడూ రాలేదు. అట్నే శానిటైజ్ టెక్స్ట్ ఫీల్డ్ అనే ఫంక్షన్‌ని పాస్‌వర్డ్‌ల మీద వాడబాకండి, అది పర్సెంట్ గుర్తు పక్కన రెండు హెక్స్ అక్షరాలుంటే (0 నుంచి 9, ఎ నుంచి ఎఫ్) ఆ ముక్క తీసేస్తది, లెస్ దేన్ గుర్తు (<) ఉన్నా అట్నే ఇబ్బంది. కస్టమర్ కరెక్ట్ పాస్‌వర్డ్ కొట్టినా మనమే చెడగొట్టి మళ్ళీ తప్పు అని చెప్పినట్టు అవుతది.

చుక్కల సంగతి కూడా చెప్పాలి. పేజీ మళ్ళీ తెరిచినప్పుడు పాత కీ కనపడకుండా ఎనిమిది స్టార్లు చూపిస్తాం, ఎవరన్నా ఇంకేదో మార్చి సేవ్ కొడితే ఆ ఎనిమిది స్టార్లే కొత్త కీగా సేవ్ అయిపోతాయి. నేను ఇప్పుడు బాక్స్ ఖాళీగా పెట్టి, కింద చివరి నాలుగు అక్షరాలు చూపిస్తా, ఖాళీగా వదిలేస్తే పాతదే ఉంటది అని రాశా. బ్రౌజర్ తనంతట తను అడ్మిన్ లాగిన్ పాస్‌వర్డ్ తెచ్చి ఆ బాక్స్‌లో నింపే రోగం కూడా ఉంది, ఆటోకంప్లీట్‌లో న్యూ పాస్‌వర్డ్ అని పెడితే చాలావరకు తగ్గుద్ది. లాగ్‌లో కీ మొత్తం రాయబాకండి.

కీ కరెక్టు అయినా మెసేజ్ పోకపోవడం ఇంకో కథ. మన దేశంలో కమర్షియల్ ఎస్సెమ్మెస్‌లకి 2018లో టెలికాం నియంత్రణ సంస్థ ట్రాయ్ తెచ్చిన రూల్స్ ప్రకారం డీఎల్‌టీ అనే రిజిస్ట్రేషన్ వ్యవస్థలో సంస్థ పేరు, సెండర్ హెడర్ (మెసేజ్ పైన పంపినవాళ్ళుగా కనపడే పేరు), మెసేజ్ టెంప్లేట్ అన్నీ రిజిస్టర్ అయి ఉండాలి, ఒక్కో టెంప్లేట్‌కి 19 అంకెల ఐడీ ఇస్తారు. కావలి అన్నకి కొత్త కీ పెట్టినాక కూడా మెసేజ్ పోలేదు, కీ ఓకే, బ్యాలెన్స్ ఓకే. టెంప్లేట్ ఐడీ చూస్తే 19 అంకెలే ఉన్నాయి గానీ చివరి నాలుగూ సున్నాలు. అన్నా ఇది యాడ నుంచి తెచ్చావ్ అంటే, "మా అకౌంట్స్ పిల్లోడు ఎక్సెల్‌లో దాచి పెట్టాడు తమ్ముడూ" అన్నాడు. ఎక్సెల్ అంకెగా వేస్తే 15 అంకెల దాకానే గుర్తుపెట్టుకుంటది, ఆ తర్వాతవి సున్నాలు చేసేస్తది. ఆ పిల్లోడు దాచిన రోజే ఐడీ పోయింది, ఎవరికీ తెలీదు. జావాస్క్రిప్ట్‌లో కూడా నంబర్‌గా తీసుకుంటే 9007199254740991 దాటినాక నమ్మకం లేదు, అది 16 అంకెలే, కాబట్టి ఇట్లాంటి ఐడీలు మొదటి నుంచి చివరి దాకా స్ట్రింగ్‌గానే, అంటే అంకెగా కాకుండా రాతగానే ఉండాలి. ఇప్పుడు నా ప్లగిన్‌లో చివరి నాలుగు సున్నాలుంటే ఆపి అడుగుతది, "ఇది ఎక్సెల్ నుంచి తెచ్చారా, డీఎల్‌టీ పోర్టల్‌లో ఉన్న నంబర్‌తో ఒకసారి పోల్చుకోండి" అని. నిజంగానే నాలుగు సున్నాలున్న ఐడీ ఎవరికన్నా ఉంటే అవును అని నొక్కి ముందుకు పోవచ్చు.

జీమెయిల్‌తో మెయిల్స్ పంపే సెట్టింగ్ కూడా ఇట్లాంటిదే. గూగుల్ 2022 మేలో లెస్ సెక్యూర్ యాప్స్ ఆపేసింది, అప్పటి నుంచి మెయిల్ పంపే పద్ధతి ఎస్‌ఎంటీపీకి మామూలు జీమెయిల్ పాస్‌వర్డ్ పనిచెయ్యదు, టూ స్టెప్ వెరిఫికేషన్ ఆన్ చేసి యాప్ పాస్‌వర్డ్ తీసుకోవాలి, అది 16 అక్షరాలు. జనం వాళ్ళ సొంత పాస్‌వర్డ్ వేసి 535 ఎర్రర్ (లాగిన్ ఒప్పుకోలేదు అని) తెచ్చుకుంటారు. 535 అని చూపిస్తే వాళ్ళకేం అర్థమైద్ది. హోస్ట్ జీమెయిల్ అయి 535 వస్తే నేను "ఇక్కడ మీ జీమెయిల్ పాస్‌వర్డ్ కాదు, యాప్ పాస్‌వర్డ్ వెయ్యాలి" అని చూపిస్తా, యాడ నొక్కితే దొరుకుద్దో కూడా రాశా. అది నాలుగేసి అక్షరాల గుంపులుగా కనపడుద్ది, మధ్యలో స్పేస్‌లు నేనే తీసేస్తా, కానీ మామూలు పాస్‌వర్డ్‌లలో స్పేస్ నిజంగానే ఉండొచ్చు కాబట్టి అక్కడ ముట్టుకోను.

ఈ టెస్ట్ బటన్ ఎవరు నొక్కుతా ఉండారో కూడా చూసుకోవాలి. సాఫ్ట్‌వేర్‌ని తనంతట తనే బిల్డ్ చేసి టెస్ట్ చేసే జెన్‌కిన్స్ ప్లగిన్లలో టెస్ట్ కనెక్షన్ బటన్ వెనకున్న ఫంక్షన్‌లో పర్మిషన్ చెక్ మర్చిపోవడం వల్ల సెక్యూరిటీ అడ్వైజరీలు బోలెడు వచ్చాయి, అడ్మిన్ కానివాళ్ళు కూడా తమకి కావాల్సిన అడ్రస్‌కి సర్వర్ చేత కనెక్ట్ చేయించి, దాచిపెట్టిన పాస్‌వర్డ్‌లు అటు పోయేట్టు చెయ్యొచ్చు. వర్డ్‌ప్రెస్‌లో అయితే నాన్స్ (నొక్కింది మన పేజీ నుంచేనా అని చూసే టోకెన్), మేనేజ్ ఆప్షన్స్ పర్మిషన్ (అడ్మిన్‌కి ఉండేది) రెండూ చూడండి, అడ్రస్ కూడా యూజరే ఇచ్చే ప్లగిన్ అయితే లోపలి అడ్రస్‌లకి పోకుండా ఆపే సేఫ్ రిమోట్ గెట్ ఫంక్షన్ వాడండి.

మొన్న ఫిబ్రవరిలో గేట్‌వే వాళ్ళు మళ్ళీ కీ మార్చమన్నారు. నేను వస్తాలే పిన్నీ అంటే వద్దులే నేనే పెడతా అంది. ఫోన్‌లోనే పెట్టింది, మొదటిసారి ఫోన్ కీబోర్డ్ మొదటి అక్షరాన్ని క్యాపిటల్ చేసేసిందంట. ఎర్రగా వచ్చి "ఈ కీని వాళ్ళు ఒప్పుకోలేదు, పెద్ద అక్షరాలు చిన్న అక్షరాలు ఒకసారి చూసుకోండి, అప్పటిదాకా పాత కీ అట్నే ఉంటది" అని చెప్పింది, సరిచేసి మళ్ళీ కొట్టింది. నాకు రాత్రి ఫోన్ చేసి, "1,840 మెసేజ్‌లు ఉన్నాయంట నాయనా, ఉగాది దాకా వస్తాయా?" అని అడిగింది.